వీరేశం తోలని బండి

12 జూలై 1999, సోమవారం

ఇవాళ ఆఫీసులో మామయ్య కారు చూశాను.

కంప్యూటర్‌లో. మధ్యాహ్నం భోజనం అయ్యాక పక్క సీటు నరేందర్ ఏదో కొత్త వేలం సైటు చూస్తున్నాడు. పాత కెమెరాలు, గ్రామఫోన్లు, స్టాంపులు, అన్నీ ఇంటర్నెట్‌లోనే పాడుకోవచ్చట. "అన్నా, గిది జూడు, ఇంగ్లిష్ సిన్మాలల్ల ఉండే కార్" అన్నాడు. ఫోటో పైనుంచి ఒక్కో గీతా కిందికి దిగుతోంది. ముందు గోడ కనిపించింది, తర్వాత మడిచిన గుడ్డ టాపు, తర్వాత ముదురాకుపచ్చ రంగు. నంబర్ ప్లేటు దాకా రాకముందే తెలిసిపోయింది. ఎడమ హెడ్‌లైటు చుట్టూ ఉన్న రింగు కుడివైపు దానికన్నా కొత్తది.

1964 ఎమ్.జి. మిడ్జెట్. రెండే సీట్లు. లండన్ నుంచి వచ్చేసిన డాక్టర్ దగ్గర మామయ్య ముచ్చటపడి కొన్నది.

"ఏందన్నా, గట్ల జూస్తున్నవు?" అన్నాడు నరేందర్. చదువుకునే రోజుల నుంచీ ఇష్టమైన కారని చెప్పాను. అది అబద్ధమేమీ కాదు.

13 జూలై

కొనే ఉద్దేశం లేదు. ఊరికే పేరు నమోదు చేసుకున్నాను.

16 జూలై, శుక్రవారం

రోహిణికి చెప్పాను. కోప్పడలేదు. పొట్టమీద చెయ్యి వేసుకుని, "ఇద్దరే పట్టే కారు ఇప్పుడెందుకండీ? డిసెంబరుకి మనం ముగ్గురం కదా" అంది.

మామయ్య గుర్తుగా ఉంటుందన్నాను. మామయ్య పోయి ఇంకా ఏడాది నిండలేదు. భీమేశ్వరరావు మామయ్య నన్ను కొడుకులా చూసుకున్నాడని ఆమెకు తెలుసు. ఇంజనీరింగ్ నాలుగేళ్లూ బంజారాహిల్స్‌లో వాళ్లింట్లోనే ఉన్నాను. నాలుగేళ్లూ అంటే మూడున్నరేళ్లు.

కారు ఎవరి చేతిలోనో ఉండడం మంచిది కాదు. నా దగ్గర ఉంటే అది ఎక్కడుందో నాకు తెలుస్తుంది. అంతే.

23 జూలై, శుక్రవారం

సాయంత్రం ఆరింటికి వేలం ముగిసింది. రెండువేల సంవత్సరం (వై టు కే) ప్రాజెక్టు మీటింగు ఎగ్గొట్టి కూర్చున్నాను. బెంగళూరు మనిషెవరో చివరిదాకా వదల్లేదు. ఐదూ యాభై ఎనిమిదికి నేను పెంచాను, వాడూ పెంచాడు. ఇంతలో లైను తెగిపోయింది. మళ్లీ కలిసేసరికి నిమిషం కూడా లేదు. ఏ అంకె కొట్టానో చూసుకోలేదు.

కారు నాదైంది. ఆనందించాలి.

25 జూలై, ఆదివారం

సికింద్రాబాద్ వెళ్లాను. అమ్మిన ఆయన పేరు గోవిందప్ప. టింబర్ డిపో ఉంది. కారు షెడ్డులో గుడ్డ కప్పి ఉంది. ఆయన గుడ్డ లాగుతుంటే నేను రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి చూశాను. కారే. సీట్లు కొత్త తోలు వేయించారు. వాసన మాత్రం అదే.

కాగితాలు ఇచ్చి, "ఇంకో మాట సార్. గీ బండితోని ఒక మనిషి గూడ అస్తడు" అని నవ్వాడు గోవిందప్ప. "వేరే మెకానిక్ చెయ్యి వెడితే ఇది లేవదు. నేను తొంభై రెండుల కొన్న. మర్సటేడు ఒకాయనొచ్చి, సేటూ, బండి నేను సూసుకుంట, నాకేం వద్దన్నడు. ఆరేండ్లాయె. ప్రతి ఆదివారం అస్తడు. ఇయ్యాల ఎందుకో రాలే."

పేరడిగాను.

"బోరబండ వీరేశం."

27 జూలై

వీరేశం అనే పేరు ఈ ఊళ్లో ఎంతమందికి ఉండదు.

1 ఆగస్టు, ఆదివారం

అతనే.

కారును లారీ మీద తెచ్చారు. వెనక సైకిల్ మీద వచ్చాడు. బోరబండ నుంచి ప్రగతి నగర్ దాకా సైకిల్ తొక్కుతూ. జుట్టు నెరిసింది, బాగా చిక్కాడు. మామయ్య దగ్గర డ్రైవర్‌గా ఉన్నప్పుడు తెల్లచొక్కా ఇస్త్రీ మడత నలగనిచ్చేవాడు కాదు. ఇప్పుడు ఖాకీ ప్యాంటు, చేతులు కట్ చేసిన బనీను.

నన్ను చూసి సైకిల్‌కు స్టాండు వేశాడు. "బాగున్నరా చిన్నసారూ" అన్నాడు. అంతే.

కారును లోపలికి తెమ్మన్నాను. స్టీరింగు దగ్గర కూర్చోలేదు. బయటి నుంచే ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, లారీ క్లీనర్ని వెనక నుంచి నెట్టమని, పక్కన నడుస్తూ గేటులోకి తెచ్చాడు. తర్వాత నేలమీద పడుకుని కిందికి దూరి బ్రేకు పైపులు చూశాడు. నాలుగు చక్రాల దగ్గరా చూశాడు. గంట పట్టింది. "వచ్చే ఆదివారం అస్త" అని వెళ్లిపోయాడు.

కళ్లలో కోపం కోసం వెతికాను. కనిపించలేదు. కనిపిస్తే బాగుండేది.

8 ఆగస్టు, ఆదివారం

వీరేశం వచ్చాడు. రోహిణి ఉప్మా పెట్టింది. వసారాలో కూర్చుని తిన్నాడు. నేను లోపల పేపరు పట్టుకుని ఉన్నాను. వాళ్ల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"మీరు డ్రైవరే కదండీ. మరి నడపరేం?" అని అడిగింది రోహిణి.

"లైసెన్స్ వోయిందమ్మా. ఉన్నా గూడ తోలను."

"ఎందుకని?"

"ఎన్మిదేండ్ల కింద నాతోని ఒక పానం వోయింది. మాదాపూర్ కాడ. పొద్దుగాల. బర్రెను తోల్కపోతున్న మనిషి, కొమురమ్మ అని. గీ బండే. నేను జోరు మీదున్న. మలుపు కాడ కనవడలే."

గ్లాసులో నీళ్లు పోసిన చప్పుడు. తర్వాత, "కావాలని చేసింది కాదు కదండీ" అంది.

"కాదు. గానీ కండ్లు మూస్తె ఆమెనే. ఎర్ర అంచు చీర, చేతుల కట్టె. జైల్ల ఏడాదిన్నర గదే. బయట గూడ గదే."

ఎర్ర అంచు చీర అన్నాడు. చీర అంచు ఎరుపే. అతనికెలా తెలుసు? పోలీసుల దగ్గర చూసి ఉంటాడు. కోర్టులో చూపించి ఉంటారు.

అతను వెళ్లాక రోహిణి వచ్చి, "పాపం, ఎంత నలిగిపోతున్నాడో చూడండి. అంత నిజాయితీ ఉన్నవాళ్లు ఎంతమంది ఉంటారు?" అంది.

తలనొప్పిగా ఉందన్నాను.

9 ఆగస్టు, సోమవారం

ఆఫీసుకు వెళ్లలేదు. రాస్తాను. ఎవరు చదువుతారు కనక?

1991 ఆగస్టు 17. నాకు ఇరవై ఒకటి. పొద్దున్నే మామయ్య నిద్రలేవకముందు తాళాలు తీసుకుని కారు బయటికి తీశాను. అంతకుముందు రెండుసార్లు తీశాను, ఎవరికీ తెలియలేదు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటితే అప్పుడు ఏముంది, బండరాళ్లు, సీతాఫలం పొదలు. రోడ్డంతా నాదే. మాదాపూర్ ఊరు ఇంకా రాకముందు రెండు బండల మధ్య మలుపు. బర్రెను తప్పించబోయాను. తప్పించాను కూడా. దాని అవతల మనిషి ఉంది.

దిగాను. నేను దిగేసరికి ప్రాణం లేదు. చుట్టూ ఎవరూ లేరు. ఇంటికి వచ్చేశాను.

మామయ్య ఒక్కసారి కూడా తిట్టలేదు. వీరేశాన్ని లోపలికి పిలిచి తలుపు వేసుకున్నాడు. అరగంట తర్వాత వీరేశం కారు తీసుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లాడు. భ్రమరాంబ అత్తయ్య నా బట్టలు సర్దింది. అదే రోజు మా ఊరు కాకినాడకు రైలెక్కాను. తిరిగొచ్చాక మిగిలిన ఆరు నెలల చదువూ హాస్టల్లో.

ఉద్యోగం మాదాపూర్‌లోనే వచ్చింది. రోజూ ఆ వైపు నుంచి రాకుండా ఉండడానికే ప్రగతి నగర్‌లో ఇల్లు తీసుకున్నాను. చెరువు బాగుందని తీసుకున్నానని రోహిణి అనుకుంటోంది. నేనూ చాలాసార్లు అలాగే అనుకున్నాను.

10 ఆగస్టు

నేను దిగేసరికి ప్రాణం లేదు. మామయ్యకు అదే చెప్పాను. మామయ్య వీరేశానికి చెప్పాడు, వీరేశం కోర్టుకు చెప్పాడు. తీర్పులో కూడా అదే ఉంది.

14 ఆగస్టు, శనివారం

అత్తయ్యను చూసి వచ్చాను. కారు కొన్నానంటే మొహం మాడిపోయింది. వీరేశం సంగతి ఎత్తగానే గ్లాసు కింద పెట్టేసింది.

"ఆ విషయం మీ మామయ్యతోనే పోయింది, రవీ. నువ్వు తవ్వకు. వాళ్లమ్మకి ఆపరేషన్ చేయించారు, ఇల్లు వేయించారు. ఆయన మాట తప్పలేదు. ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంది, అది ఆలోచించు."

గేటు దాకా వచ్చింది. "నువ్వప్పుడు చిన్నపిల్లాడివిరా" అంది. వీరేశానికి అప్పుడు ఇరవై ఆరు.

15 ఆగస్టు, ఆదివారం

వీరేశం మా ఇంటికి రాకముందే నేనే బోరబండ వెళ్లాను. రైల్వే స్టేషన్ వెనక రేకుల షెడ్డు. స్కూటర్లు బాగుచేస్తాడు. నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు.

"వీరేశం, మా ఆవిడతో అలా ఎందుకు చెప్పావు? ఆ రోజు నడిపింది నువ్వు కాదు కదా."

చేతిలో స్పానర్ పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు.

"మీకు యాదున్నదా సారూ?"

తాళాలు జేబులో వేసుకున్నాను.

"మీ మామ సార్ అన్నడు, పిలగానికి జరమొచ్చింది, ఏం యాద్‌లేదు, వాని ముందట ఎత్తకు అని. నేను నిజమే అనుకున్న. మొన్న గేటు కాడ మిమ్ముల జూస్తె అనిపిచ్చింది, పాపం, ఈయనకు ఏం తెల్వది, ఖుషీగ కొనుక్కున్నడు అని."

స్టూలు మీద కూర్చున్నాను. నాకంతా గుర్తుందని చెప్పాను. క్షమించమని అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా సంగతి ఇడ్వున్రి. అవ్వకు దవాఖాన్ల ఆపరేషన్ ఉండె. మామ సార్ అడిగిండు, నేను ఒప్పుకున్న. ఎవ్వలు మెడ మీద కత్తి వెట్టలే. కోర్టుల నేనే అన్న, జైల్ల నేనే అన్న. అనంగ అనంగ నేనే అయిన. ఇప్పుడు కండ్లు మూస్తె స్టీరింగ్ మీద నా చేతులే కనవడ్తయి సారూ."

"మరి ఆ కారు దగ్గరికి ఎందుకు వెళ్లావు, మళ్లీ?"

"భయం. మల్ల ఎవల్నన్న గుద్దుతదేమోనని. బ్రేకులు నేను జూస్తె నాకు నిద్ర వడ్తది."

తర్వాత మల్లయ్య సంగతి చెప్పాడు. కొమురమ్మ పెనిమిటి. వీరేశం జైలు నుంచి రాగానే మాదాపూర్ వెళ్లి ఆయన ముందు నిలబడ్డాడట. కొడతాడనుకుని వెళ్లాడు. మల్లయ్య చాలాసేపు చూసి, తిన్నావా అని అడిగి, బువ్వ పెట్టాడు. అప్పటి నుంచి ఏటా కొమురమ్మ పోయిన రోజున బియ్యం, పూలదండ పట్టుకుని వెళ్తాడు. ఇద్దరూ కలిసి తింటారు.

"రెండో ఏడు మాఫ్ చేసిన అన్నడు. ఇంటికొచ్చి అవ్వకు జెప్పి ఏడ్సిన. ఇప్పుడు మీరు వోయి నేను జేసిన అంటరు. అయితే ఆ మాఫీ ఎవరిది సారూ? నేను తిన్న బువ్వ ఎవరిది?"

ఎల్లుండి నేను కూడా వస్తానన్నాను.

"మీ బరువు దించుకుందామని వస్తున్నరా, ఆయన కోసం వస్తున్నరా?"

వస్తానని మాత్రం మళ్లీ చెప్పాను. వీరేశం స్పానర్ తీసుకుని స్కూటర్ వైపు తిరిగాడు.

16 ఆగస్టు

ఏం చెప్పాలో నాలుగుసార్లు రాసుకున్నాను. నేను నడిపాను. ఆమె ఆ క్షణంలోనే పోయింది. వీరేశం తప్పు లేదు. అంతకన్నా ఎక్కువ అవసరం లేదు. ముసలాయన్ని ఇంకా బాధపెట్టి ఏం లాభం?

17 ఆగస్టు, మంగళవారం

స్కూటర్ మీద ఇద్దరం వెళ్లాం. వీరేశం ఒళ్లో బియ్యం సంచి, పూలదండ పొట్లం. ఆ మలుపు ఇప్పుడు లేదు. బండలు పేల్చి రోడ్డు వెడల్పు చేశారు. మా ఆఫీసు అద్దాలు అక్కడికి కనిపిస్తాయి.

మల్లయ్యకు అరవై దాటి ఉంటాయి. పొలం పోయింది, బర్రెలు లేవు, పాత ఇల్లు ఒక్కటే మిగిలింది. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. వీరేశాన్ని చూసి నవ్వి, "ఈ సారు ఎవరు?" అన్నాడు.

రాసుకున్న మాటల్లో మొదటిది చెప్పాను. ఆ రోజు కారు నడిపింది నేను.

ఆయన నా వైపు చూడలేదు. వీరేశం వైపు చూశాడు.

"నువ్వు గాదా?"

"కాదన్నా."

"ఆరేండ్లు నాతోని కల్సి తిన్నవు."

"తిన్న." వీరేశం సంచి దించకుండా అలాగే నిలబడ్డాడు.

మల్లయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత నన్నడిగాడు.

"దిగినవా?"

"దిగాను."

"పానముండెనా?"

లేదు అనాలి. ఎనిమిదేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్న మాటే. నోరు తెరిచాను. వీరేశం నన్నే చూస్తున్నాడు. అతనికి తెలియదు. ఎవరికీ తెలియదు.

"ఉంది" అన్నాను.

వీరేశం చేతిలో సంచి కింద పడింది.

"ఏమన్న అన్నదా?"

"'బర్రెను జూడు బిడ్డా, రోడ్డు మీదికి వోతది' అంది."

మల్లయ్య గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

"మల్ల జెప్పు."

చెప్పాను.

"బిడ్డా అన్నదా నిన్ను?"

"అంది."

"మల్లొక్కసారి జెప్పు."

మూడోసారి చెప్పాను. ఆయన పెదవులు నాతోపాటు కదిలాయి.

"ఆమెనే. గట్లనే అంటది. ఒక్క మాట లేకుంట వోయింది అన్నరు, పోలీసోల్లు, గీ వీరేశం, అందరు. ఇన్నేండ్లు గట్లనే అనుకున్న." నా వైపు జరిగి, "నువ్వెంతసేపున్నవు?" అన్నాడు.

"రెండు మూడు నిమిషాలు."

"నువ్వు వోయేటప్పుడు గూడ ఉండెనా?"

"ఉంది."

"ఎటు వోయినవు?"

"ఇంటికి."

తలూపాడు. తెరిచిన తలుపులోంచి కొమురమ్మ ఫోటో కనిపిస్తోంది, ఏదో పెళ్లి ఫోటోలోంచి కత్తిరించి పెద్దది చేయించినది. దాని వైపు చూస్తూ, "నిన్ను మాఫ్ జేసుడు నాతోని గాదు. అడగకు" అన్నాడు.

అడగనన్నాను.

వీరేశం వైపు తిరిగి, "దండ ఎయ్యి. పొద్దెక్కింది" అన్నాడు. వీరేశం లోపలికి వెళ్లాడు. నేను బయటికి వచ్చాను. గంటసేపు చూశాను. వీరేశం రాలేదు. లోపలి నుంచి గిన్నెల చప్పుడు వినిపించింది. ఒక్కణ్ణే వెనక్కి వచ్చాను.

18 ఆగస్టు, బుధవారం

రోహిణికి అంతా చెప్పాను. కూర వండుతోంది. స్టవ్ ఆపి విన్నది. చివరికి ఒక్కటే అడిగింది.

"ఆవిడకి పిల్లలున్నారా?"

నాకు తెలియదు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా కనుక్కోలేదు. నిన్న వాళ్లింటి వాకిట్లో నిలబడి కూడా అడగలేదు.

రోహిణి పక్కగదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

26 ఆగస్టు, గురువారం

లింగమూర్తి గారిని కలిశాను. క్రిమినల్ లాయరు. నెమ్మదిగా మాట్లాడతాడు. పాత తీర్పు తిరగదోడడం తేలిక కాదన్నాడు. నా మీద కొత్తగా కేసు కావచ్చు, ఉద్యోగం పోవచ్చు, మామయ్య పేరు కోర్టుకెక్కుతుంది. "ఎందుకండీ ఇదంతా? శిక్ష ఎవరో ఒకరు అనుభవించేశారు కదా" అన్నాడు. వీరేశం పేరు మీదున్న నేరం తీసేయాలని చెప్పాను. వాంగ్మూలం రాసుకున్నాడు. కారును అమ్మొద్దు, కదిలించొద్దు అన్నాడు.

అత్తయ్య ఫోన్ చేసింది. ఇక తన గుమ్మం తొక్కొద్దంది.

29 ఆగస్టు

వీరేశం రాలేదు. కారు మీద దుమ్ము.

5 సెప్టెంబర్, ఆదివారం

పదిగంటలకు గేటు చప్పుడైంది. వీరేశం అనుకుని పరిగెత్తాను. మల్లయ్య. అడ్రసు వీరేశం చెప్పాడట. రెండు బస్సులు మారి వచ్చాడు.

కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎడమ లైటు దగ్గర ఆగాడు కానీ ముట్టుకోలేదు. వసారాలో కూర్చున్నాడు. రోహిణి మంచినీళ్లు తెచ్చింది. మూడు వారాల్లో ఆమె వసారాలోకి రావడం ఇదే మొదలు. పిల్లలెంతమందని ఆయన్ని అడిగింది.

"ఒక్కతే బిడ్డమ్మా. నిజాంపేటల ఇచ్చిన. తల్లి వోయినప్పుడు పదమూడేండ్లు దానికి."

నీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టి, నన్ను చూశాడు.

"ఇంకేమన్న యాదికొచ్చిందా?"

"అంటే?"

"ఆమె సంగతి. ఆకర్కి జూసినోనివి నువ్వే గద. మొకం ఎట్లుండె, ఎటు జూసె, చెయ్యి ఎక్కడ వెట్టె. వీరేశంని అడుగుత ఉంటి ఇన్నేండ్లు. పాపం, ఏదో ఒకటి జెప్తుండె. నీకైతే ఎరుక."

చీర సంగతి చెప్పాను. గాజులు పగలలేదని చెప్పాను. ఆకాశం అప్పుడే తెల్లబడిందని చెప్పాను. ప్రతిదానికీ తలూపాడు. లేచి వెళ్లేటప్పుడు, "వచ్చే ఆదివారం అస్త. యాదికి తెచ్చుకో" అన్నాడు.

12 సెప్టెంబర్, ఆదివారం

వచ్చాడు. ఇంకేమైనా ఉందా అని అడిగాడు. లేదన్నాను. కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు. రోహిణి బస్టాపు దాకా వెళ్లి ఎక్కించి వచ్చింది. వచ్చాక, "ఇంకా ఏదో ఉంది కదూ" అంది. పోయిన నెల నుంచి ఆమె నన్ను 'అండీ' అనడం లేదు.

లేదన్నాను.

13 సెప్టెంబర్, సోమవారం

ఉంది.

ఆ రోజు కారు తిప్పాక అద్దంలో చూశాను. ఆమె మోచేతి మీద లేచింది. కట్టె కోసం చెయ్యి చాపింది. అందింది కూడా. దాని మీద బరువు ఆనించి ఒక మోకాలి మీదికి లేచి, నా కారు వైపు చూసింది. నేను ఆపి ఉంటే నడిపించుకుని కారెక్కించగలిగేవాణ్ణి. పక్క సీటు ఖాళీగానే ఉంది.

ఈ మాట ఇంతవరకు నాకు నేను కూడా చెప్పుకోలేదు.

ఆదివారం పదింటికి మల్లయ్య వస్తాడు.